అరగ్లాసు

ముప్పయ్యేళ్ళు నా చేతికి
నలభై మంది లెక్కే తెలుసు.
షిప్‌యార్డు గేటుకి ఎదురుగా మెస్సు,
సైరన్ మోగేలోగా గుండిగ దిగాలి.
ఉప్పు గుప్పిటతో, కారం గరిటెతో,
చింతపండు కంటి చూపుతో.

మెస్సు మూసేశాక
మల్కాపురంలో ఈ ఒంటి గది, ఒంటి పొయ్యి.
మొదటి వారం వండిన పప్పు
నాలుగు రోజులు తిన్నాను.
అయిదో రోజు అది నన్ను తినబోయింది.

బీపీ డాక్టరు కాగితం మీద రాశాడు,
ఉప్పు రోజుకి చెంచాడు అని.
డాక్టరు బాబూ, చెంచా అంటే ఏటి?
నా ఇంట్లో అన్నీ గరిటెలే.

చివరికి పాత సామాన్లలో
అంచు విరిగిన టీ గ్లాసొకటి దొరికింది.
అరగ్లాసు బియ్యం, అందులో సగం పెసరపప్పు,
పైన చిల్లుల పళ్ళెంలో ఆనపముక్కలు.
మూడు కూతలకి కట్టేస్తే
సిలిండరు రెండు నెలలు దాటి వస్తోంది.

ఆనపకాయ మాత్రం అరగ్లాసు మాట వినదు.
రైతుబజారులో సగం కోసిమ్మంటే
గవరయ్య కత్తి పక్కన పెట్టి
"మిగతా సగం ఎవులు కొంటారు మామ్మా?" అన్నాడు.
నా వెనకనుంచి ఎవరో, "నేను."
కింది వాటా దానేలు గారు.
పోర్టులో క్రేను నడిపిన మనిషి.
రెండేళ్ళుగా మెట్ల మీద తలూపుకోవడమే మా పరిచయం.

అప్పట్నుంచి ఒక కాయ, రెండు కుక్కర్లు.
తోటకూర ఆకు ఆయనకి, పళ్ళు లేవు కనుక.
కాడలు నాకు, పులుసులోకి.
బుధవారం సాయంత్రం ఎల్లమ్మ తట్టలో
మిగిలిపోయిన కవళ్ళు.
వంజరం తినే వీధులన్నీ తిరిగి
మా సందుకి వచ్చేసరికి
ధర కూడా మాలాగే వంగిపోతుంది.
పచ్చిమామిడి నాలుగు ముక్కలు, నూనె ఓ చుక్క.
మెత్తటి ముల్లు ఎముకలకి మంచిదట,
ఆ మాట ఎల్లమ్మే చెప్పింది, ఫీజు లేకుండా.

పొద్దున్న చోడి అంబలి,
రాత్రంతా పులిసింది, మజ్జిగా ఉల్లిపాయా కలిపి.
"మా అమ్మ ఇది తాగే కూలికెళ్ళేది.
బీచ్ రోడ్డులో ఇప్పుడు గ్లాసు అరవై!"
అని దానేలు గారు నవ్వి,
పొలమారి, నీళ్ళు తాగి,
మళ్ళీ నవ్వారు.

మొన్న కూర పంపితే గిన్నె కడిగి తిరిగొచ్చింది,
అడుగున చీటీ: "ఉప్పు తగ్గింది."
దాని వెనకే రాసి పంపాను:
"తగ్గలేదు. తగ్గించాను. నిమ్మకాయ పిండుకోండి."

గుండిగలు చర్చి విందులకి ఇచ్చేశాను.
పెద్ద గరిటె మాత్రం గోడకుంది,
దాని వెనక ఓ బల్లి కాపురం.

అంతమందికి మారు వడ్డించినదాన్ని.
మెస్సులో చివరి బంతి నాది,
గిన్నెకి అంటుకున్నదే నా కూర.
ఇవాళ కంచం ముందు కూర్చున్నాక
పైకే అడిగేశాను,
"నూకరత్నం, మారు వెయ్యనా?"

కాస్త ఆలోచించి
"ఒక్క ముద్ద" అన్నాను.