ఉలవలు నానిన రాత్రి

రేపు పందెం.
బకెట్లో ఉలవలు నానుతున్నాయి,
చాప మీద నేనూ నానుతున్నాను, చెమటలో.
నెల్లిమర్ల జూటు మిల్లు సైరన్
రెండో షిఫ్టుని ఇంటికి పంపేసింది.
నిద్ర మాత్రం ఏ షిఫ్టులోనూ డ్యూటీకి రాలేదు.

లేచి పాకలోకి వెళ్ళాను.
చింతపిక్క నిలబడే కునుకు తీస్తోంది,
ఒక వెనక కాలు మడిచి, గిట్ట కొస నేలకి ఆనించి,
ఆఖరి బస్సు కోసం చూసి చూసి అలిసిన ఆడమనిషిలా.
దానికి తెలీదు
తన మీద ఎవరెవరు ఎంతెంత కాశారో.
దానికి తెలీదు, పోయినేడు
మూడో జెండా దగ్గర నేను వెనక్కి తిరిగి చూశానని,
ఆ ఒక్క చూపులో
గరివిడి వాళ్ళ తెల్ల గుర్రం మమ్మల్ని దాటిపోయిందని,
ఏడాదంతా సబ్బు కొనడానికెళ్ళినా
"ఎనక్కి సూసిన గుంట" అనే పిలిచారని.

లేక, తెలుసేమో.
నా మోకాళ్ళు మాట్లాడేది దానితోనే కదా.

తవిటయ్య తాత గడ్డిమోపు మీద కూర్చునున్నాడు,
వెలిగించని బీడీ నోట్లో.
పుట్టిన పిల్లలు దక్కక వాళ్ళమ్మ
చేటెడు తవుడుకి అమ్మి, మళ్ళీ కొనుక్కుంటే
నిలిచిన పేరు అది.
నలభయ్యేళ్ళు జట్కా తోలాడు
విజయనగరం స్టేషన్ నుంచి కోట దాకా.
ఒక్క పందెమూ గెలవలేదు,
ఒక్కరికీ రైలు తప్పిపోనివ్వలేదు.

"బయమేత్తందేటే?"
లేదన్నాను.
"అబద్దం నాకు సెప్పు, పర్లేదు. దానికి సెప్పకు.
నువ్వు కళ్ళెం బిగబట్టీసినావనుకో,
నీ బయం తిన్నగా దాని నోట్లోకి ఎలిపోతాది.
ఇనుము రుసి దానికి అలవాటే.
బయం రుసి తగిలితే మేత మానేత్తాది."
ఇంకా ఏదో చెబుతాడని చూశాను.
దోమల్ని కొట్టుకుంటూ కూర్చున్నాం.

పొద్దున్న, చంపావతి ఇసక మీద సున్నం గీత.
మైకులో "లెంక సన్యాసమ్మ" అని మూడుసార్లు,
మూడుసార్లూ ఇంకెవరి పేరోలా.
కొత్త జీను కొనిచ్చిన కాంట్రాక్టరు దగ్గరికొచ్చి
"డబ్బుల సంగతి మనసులో పెట్టుకోకమ్మా" అన్నాడు.
అప్పటిదాకా పెట్టుకోలేదు.
అమ్మ రాలేదు. వస్తే చూడలేనంది.
తొమ్మిది గుర్రాలు. నోట్లో తడి లేదు.
జెండా లేచింది.

అప్పుడు చింతపిక్క
కాళ్ళు ఎడం చేసి, తోక పక్కకి పెట్టి,
నింపాదిగా
ఉచ్చ పోసింది.
ఎంతసేపో.
జెండా ఆయన చెయ్యి దించాడు.
మైకు ఆగింది. గట్టు మీద ఈలలు.
ఇసక తాగుతూనే ఉంది.
పక్క గుర్రం మీది కుర్రాడు నవ్వాడు, నేనూ నవ్వాను.
నవ్వాక తెలిసింది
తెల్లారినప్పట్నుంచీ సగం ఊపిరే తీసుకుంటున్నానని.

తర్వాతది చెప్పడానికి పెద్దగా లేదు.
ఇసక, గాలి, ముందుకి నిక్కిన రెండు చెవులు.
మూడో జెండా దగ్గర మెడ వెనక్కి లాగింది.
తిరగలేదు.
మూడోవాళ్ళం. స్టీలు బిందె ఇచ్చారు.
తాత బిందె వైపు చూడలేదు,
ముందు దాని గిట్టలు ఎత్తి చూశాడు,
తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, నా మొహం.

సాయంత్రం ఏట్లో దాన్ని కడుగుతుంటే
మెడకి కుడివైపు
వేలెడు మేర జూలు లేదు.
నా అరచేతిలో ఎర్రటి గీతలు,
జీను సందులో ఇరుక్కున్న వెంట్రుకలు నాలుగో ఐదో.
నవ్వాననీ, తేలికపడ్డాననీ
నేననుకుంటూనే ఉన్నాను.
పిడికిలి తన పని తాను చేసుకుపోయింది.

వచ్చే నెల రాజాం దగ్గర ఇంకో పందెం.
ఈసారి రికాబులో కాలు పెట్టేముందు
రెండు చేతులూ విప్పి దానికి చూపిస్తాను.
భయం ఉందో లేదో అదే వాసన చూసుకుంటుంది.
బెల్లం ముక్క లేదని తేలాక
మొహం తిప్పుకుంటుంది.