మూరెడు వెలుతురు

మ్జుజు సంతలో దుకాణదారు
"మూడొందల మీటర్లు పోతుంది" అన్నాడు,
కొండ అవతల చెట్టు మీద కోతిని కూడా చూపిస్తుందట.
నాకు కోతితో పని లేదు.
మూరెడు దూరం కనిపిస్తే చాలు,
ఆ మూరెడూ తెల్లారేదాకా ఆరిపోకుండా.

చార్జింగ్‌వి పక్కన పెట్టించాను,
మా ఊరికి కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది.
సన్న బ్యాటరీలైతే ఉప్పూ సబ్బూ అమ్మే కొట్లోనే దొరుకుతాయి.
పట్టీ లాగి చూశాను, తలగుడ్డ మీద జారకూడదు.
నిలువెత్తు నుంచి వదిలాను.
"అయ్యో" అన్నాడు వాడు. లైటు ఏమీ అనలేదు.
బకెట్లో ముంచాను.
"కొంటావా, స్నానం చేయిస్తావా?"
పద్నాలుగు వేల క్వాచాలు.
పదకొండు రాత్రులు సైకిలు టాక్సీ తొక్కితే వచ్చినవి.

ఇది మంత్రసాని న్యామ్హంగోకి.
ఇరవై ఏళ్ళుగా టార్చిని పళ్ళ మధ్య కరిచిపట్టి
రెండు చేతులతో బిడ్డల్ని అందుకుంది.
ఆ పిడి నిండా పళ్ళ గుంటలు,
నా కొడుకు పుట్టిన రాత్రివి కూడా అందులోనే ఎక్కడో.
టెమ్వా ఇప్పటికీ అంటుంది:
"ముక్కుతో ఊఁ ఊఁ అనడమే,
మంచికో చెడుకో తెలియక హడలి చచ్చాను."

నిన్న రాత్రి లెవిసన్ కూతుర్ని
నా సైకిలు మీదే తీసుకెళ్ళాను.
తడిక బయట కూర్చుని చైను సరిచేసుకుంటున్నాను,
లోపల ఒకటే గోల:
"ఆగు, ఇప్పుడు కాదు... ఇప్పుడు! అదీ, నా తల్లే,
ఎవరే ఆ గుడ్డ అక్కడ పడేసింది?"

అమ్మో, ఏం నోరు!
ఇరవై ఏళ్ళ బాకీ.