గట్టు తగాదా

ముప్పై రెండేళ్లు బెల్లం వండినాను,
ఇరాల దావలో మా గానుగ.
చెరకుపిప్పి మండే పొయ్యి పక్కన నిలబడి
పాకం ముదిరిందో లేదో
వాసనతోనే చెప్పేవాణ్ణి.
ఆ పొగ ఇప్పుడు నా లోపల కాపురం పెట్టింది.
బాడుగ కట్టదు, ఖాళీ చెయ్యదు.

చిత్తూరు పెద్దాసుపత్రిలో డాక్టరు
గొట్టంలోకి ఊదమన్నాడు.
ఊదినాను.
కాయితం మీద గీత కొంచెం లేచి
నీవా ఏరు మాదిరి మధ్యలోనే ఇంకిపోయింది.
తర్వాత పక్కగదికి పంపించినాడు,
తిండి సంగతి చెప్పే అమ్మాయి దగ్గరికి.
నవ్వొచ్చింది నాకు.
జబ్బు రొమ్ములో ఉంటే
కడుపును సాక్షికి పిలిచేదేంది?

ఆ అమ్మాయి ఒక అడ్డగీత గీసింది.
పైన ఊపిరి, కింద కడుపు,
నడుమ తెర మాదిరి ఒక పల్చటి కండ.
"కడుపునిండా తింటే ఇది కిందికి దిగలేదు తాతా,
పైనోడికి చోటు చాలదు" అనింది.
అప్పుడర్థమైంది.
ఇది గట్టు తగాదా.
పక్క చేనోడు ఏటా ఒక్కో పార మన్ను ఇటు లాగినట్టు
నా సంగటిముద్ద
నా ఊపిరి చేలోకి జరుగుతా వచ్చింది.

ఇంకో మాట కూడా అడిగింది,
పొద్దున దొడ్డికి సాఫీగా అవుతాదా అని.
వల్లెమ్మ తలొంచుకునింది.
నేనే చెప్పినాను:
ముక్కితే కళ్లు బైర్లు కమ్ముతాయి తల్లీ,
పోయిన ఊపిరి తిరిగొచ్చేదాకా
గోడ పట్టుకోని కూర్చుంటాను.
అమ్మాయి నవ్వలేదు, రాసుకునింది.
"ఊపిరి తీసేదానికి ఊరందరికీ పైసా ఖర్చయితే
నీకు రూపాయి అవుతాది.
ఒళ్లు కరిగేది అందుకే.
కొంచెం కొంచెం తిను, ఆరుసార్లు తిను,
గుడ్డు మానొద్దు."

టెంకాయంత ముద్ద మింగినోణ్ణి
నిమ్మకాయంత ముద్ద ముందు కూర్చున్నాను,
బళ్లో శిక్ష పడిన పిల్లోడి మాదిరి.

మార్గశిరం. చలి.
సంతలోకి అనపకాయలొచ్చినాయి.
వల్లెమ్మ సాయంత్రమంతా
నానిన గింజల్ని ఒక్కొక్కటే పితికింది,
టప్పుమని తోలు ఒకపక్క
పచ్చటి పప్పు ఒకపక్క.
ఆ పులుసు ఉడికే వాసనకు
అమ్మాయి గీసిన గీత చెరిగిపోయింది.
మూడుమార్లు పెట్టించుకున్నాను.

రాత్రి ఒంటిగంటకు గట్టు తెగింది.
కడుపంతా గాలి,
రొమ్ములో గాలి లేదు.
పుల్లటి తేనుపు గొంతులోకి ఎగదన్ని
దగ్గును లేపింది, దగ్గు ఆయాసాన్ని లేపింది.
పడుకుంటే మునిగినట్టుండాది.
పీల్చే మందు రెండుసార్లు కొట్టి
దిండు మోకాళ్ల మీద పెట్టుకోని వంగి కూర్చున్నాను.
వల్లెమ్మ వీపు రుద్దుతా ఉండాది.

అప్పుడు విన్నాను.
నా దగ్గుకూ దగ్గుకూ మధ్య సందులో
ఇంకో దగ్గు.
సన్నది. కొంగులో నొక్కేసింది.

పాకం చూసింది నేనైతే
పొయ్యిలోకి పిప్పి తోసింది ఎవరు,
మంట మూతికాడ గొంతుక్కూర్చోని
ముప్పై రెండేళ్లు?
ఆమెను ఏ గొట్టంలోకీ ఊదమనలేదు ఎవరూ.
ఆమె ముద్ద ఎంతో నేనెప్పుడూ చూళ్లేదు.
నేను లేచినాక సట్టిలో మిగిలిందే ఆమె కొలత.
పార ఎవరి చేతిలో ఉండాదో
చీకట్లో కూడా కనపడింది.

"తెల్లారినాక చిత్తూరు పోదాం మే, ఇద్దరం."
"అనపకాయల కాలం అయిపోనీ" అనింది
చాటలో తోళ్లు ఎత్తిపోసుకుంటా.

పొద్దున నేనే సంగటి కెలికినాను.
రెండు గిన్నెలు.
నిమ్మకాయంత నాకు,
టెంకాయంత ఆమెకు.
వద్దు వద్దంటానే కూర్చునింది.
సగానికి చెయ్యాపి
తల కొంచెం పైకెత్తి
నోటితో ఊపిరి తీసుకునింది.

దావలో ఏడుగంటల బస్సు హారను.