బేసి

ఒక నత్రజని, ఒక ఆక్సిజన్.
ఇద్దరి ఎలక్ట్రాన్లూ లెక్క పెడితే పదిహేను.
జతలు కట్టుకుంటూ పోగా ఒకటి మిగులుతుంది,
సరి-బేసి ఆటలో
గుప్పిట తెరిస్తే బయటపడే ఒంటి గవ్వలా.

ఆ ఒక్కదాని కోసం పదకొండేళ్లుగా
గ్లాస్గోలో ఈ నేలమాళిగలో
ఆర్గాన్ నింపిన గాజుపెట్టెలోకి
మోచేతుల దాకా నల్లరబ్బరులో చేతులు దూర్చి
నీతో మాట్లాడుతున్నాను, నైట్రిక్ ఆక్సైడ్.

నీకు రంగు లేదు.
గాలి సోకిందా, తుప్పురంగు పొగవి.
నా మొదటి ఏడాది బిరడా జారినప్పుడు
ఫ్లాస్కు మెడలోంచి నువ్వు లేవడం చూసి
పారిపోవాల్సింది పోయి
నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఒంట్లో నీ ఆయుష్షు కొన్ని క్షణాలు.
తలుపు తట్టి పారిపోయే ఆకతాయివి.
కానీ తట్టిన తలుపు తెరుచుకుంటుంది:
బిగుసుకున్న రక్తనాళం
ఒళ్లు విరుచుకుని దారి ఇస్తుంది.

అమ్మమ్మ యూఫీమియా, ఇంట్లో ఎఫీ,
ఆర్డీర్ తీరంలో డైనమైట్ కార్ఖానాలో చేరేనాటికి పదిహేడేళ్లది.
గేటు దగ్గర జుట్టు తడిమి చూసేవాళ్లట.
పిన్ను ఒక్కటి జారి నిప్పురవ్వ లేస్తే
ఇసుక దిబ్బల వెనక గుడిసె గుడిసంతా ఆకాశంలోకే.
అందుకని అందరికీ రిబ్బన్లు. ఆమెది ఆకుపచ్చ.

సోమవారం వస్తే తలపోటు.
ఆదివారపు సెలవులో ఒళ్లు నైట్రోగ్లిజరిన్ని మరిచిపోయేది,
మళ్లీ ముట్టుకోగానే కణతల్లో రోకటిపోట్లు.
అందుకే శనివారం సాయంత్రం
రిబ్బను కొసను ఆ నూనెలో రవ్వంత అద్దుకుని
చర్చికీ అదే కట్టుకెళ్లేది.
పక్కన కూచున్న వాళ్లెవరికీ తెలియదు
కీర్తన పాడుతున్న పిల్ల జడలో ఏముందో.

నీ పేరు ఆమె ఎన్నడూ వినలేదు.
తాతయ్య గుండె పట్టుకుని కూలబడ్డ రాత్రి
డాక్టరు నాలుక కింద పెట్టిన బిళ్ల కూడా అదేనంటే
"మా గుడిసెలో చుట్టిందేనా?" అని అడిగిందట.

ఇప్పుడు నా పని నిన్ను మూటగట్టడం.
ముడి దారిలో వీడకూడదు,
రక్తంలో నోరు మూసుకుని సాగిపోవాలి,
కణితి గుమ్మం దాటాక
ఆ ఇంటి ఎంజైమే తన చేత్తో విప్పాలి.
దొంగ తాళం దొంగచేతే తీయించాలి.
నలభై ఆరు మూటలు నడిదారిలో చెదిరిపోయాయి.
నలభై ఏడోది నిలబడింది.

బుధవారం పళ్లెం తీశాం. తొంభై ఆరు గుంటలు.
పై వరసల్లో, మోతాదు ఎక్కువైన చోట,
కణాలు వడలి, ముడుచుకుని, అడుగునుంచి ఊడి తేలాయి.
డేవినా ఈల వేసింది.
కింది వరసలకు వచ్చేసరికి ఈల సగంలో ఆగింది.
అక్కడ తక్కువ మోతాదు.
అక్కడ కణితి కణాలు మందే తాకని వాటికన్నా
ఒత్తుగా, నిండుగా, పండగ చేసుకుంటున్నాయి.
కొంచెమే వెళ్లావు, వాటికీ తలుపు తెరిచావు.
చంపిరమ్మని పంపితే
అన్నం పెట్టి వచ్చావు.

డేవినా ఏమీ అనకుండా కెటిల్ పెట్టింది.
నోటుబుక్కులో "విఫలం" అని రాయబోయాను.
'వి' దగ్గర కలం ఆగింది.
దాన్ని కొట్టేసి, పక్కన
"ఎంత?" అని రాశాను.
కణానికి ఎంత, ఎంతసేపు, ఏ వైపు నుంచి.
రిబ్బను కొసన ఎంత అద్దాలో
అమ్మమ్మకు వేళ్లతోనే తెలిసేది.
ఆ కొలత ఎక్కడా రాసి పెట్టలేదు.

కార్ఖానాలో ఉడుకు పాత్ర దగ్గర
థర్మామీటరు చూసే మనిషికి
ఒంటికాలి పీట వేసేవాళ్లని చెప్పేది.
కునుకు పడితే
మనిషీ పడాలి.

రాత్రి రెండయింది.
నలభై ఏడు, సగానికి సగం, ఆ సగానికి సగం,
మళ్లీ మొదటి గుంట నుంచి.
కళ్లు మూతపడుతున్నాయి.
నా కుర్చీకి ఐదు కాళ్లు, ఐదు చక్రాలు.
పడనివ్వదు.
అదే నా భయం.