అనకార్దో

కాశీబుగ్గ జీడిమిల్లులో
పద్దులు రాయడానికని చేరాను.
పదకొండేళ్ళకి తెలిసింది,
నేను రాసేది తక్కువ, నమిలి మింగేది ఎక్కువని.

కాటా దగ్గర ఒడియా.
బరంపురం నుంచి లారీ ఎక్కి వచ్చే దుర్జోధన సాహు
"కేతే?" అంటాడు, ఎంత అని.
ఆ రెండక్షరాల మధ్యే కిలోకి మూడు రూపాయలు తగ్గించేస్తాడు.
తెలుగు నాకంటే బాగా వచ్చు ఆయనకి.
కోపానికి తెలుగు, బేరానికి ఒడియా.
లెక్క తేలాక ఇద్దరం
మాటల్లేకుండా టీ తాగుతాం.

లారీ వాడితో హిందీ.
ఆగే, పీచే, బస్ బస్:
గోడ గుద్దకుండా ఆపడానికి
సరిగ్గా సరిపోయేంత హిందీ.

మందస కొండ దిగి గోనె దింపిన సవర ముసలాయన
నాకు తెలిసిన ఏ భాషా మాట్లాడడు.
కాటా ముల్లు వంక చూస్తాడు.
తర్వాత నా వంక చూస్తాడు.
ఆ చూపుని ఏ పద్దులో ఎక్కించాలో
నాకింకా తెలీలేదు.

ఇంగ్లీషు డబ్బాల మీద ఉంటుంది.
డబ్ల్యూ రెండొందల నలభై, డబ్ల్యూ మూడొందల ఇరవై.
గ్రేడింగు బల్ల దగ్గర ఆడోళ్ళకి
అది డబ్ల్యూ కాదు, డబ్బులు.
"ఒలే, డబ్బుల్నలబై ఇటు పొయ్యి" అంటాది గవరమ్మ.
శనివారం కూలి లెక్కపెట్టుకుని
"పేరులోనే ఉండిపోనాయి కదేటి" అని నవ్వుతాది.

మొన్న చైత్రంలో
ఓనరు కొడుకు ఫోను ఎత్తి పట్టుకుని
షెడ్డంతా తిప్పి చూపించాడు.
అవతల స్పెయిన్లో కొనేవాడు,
ఎర్ర గెడ్డం, వెనక తెల్ల గోడ.
ఆయన ఇంగ్లీషూ మా ఇంగ్లీషు లాంటిదే,
ఇంట్లో కట్టుకునేది కాదు,
బజారుకి తొడుక్కొచ్చింది.
ఒకే అరువు గొడుగు కింద నడుస్తున్నట్టు
ఇద్దరం తడవకుండా మాట్లాడుకుంటున్నాం.

కటింగు మిషను దగ్గర ఫోను ఆగింది.
దాలమ్మ కాలితో తొక్కుతోంది, చేత్తో గింజ పెడుతోంది.
టక్, రెండు చెక్కలు. టక్, రెండు చెక్కలు.
ఆయనకి ఇంగ్లీషు అయిపోయిందో,
సంతోషం ఎక్కువైందో,
సొంత భాషలోకి జారిపోయాడు:
"అనకార్దో! అనకార్దో!"

జీడిగింజ అనేనట. ఆ రాత్రి వెతుక్కున్నాను.

దాలమ్మకి వెతుక్కునే పని పడలేదు.
మిషను ఆపేసింది.
"సొన కారదో, అనడుగుతన్నాడు బాబూ"
అని నాకే తర్జుమా చేసింది.
ఫోనుకేసి రెండు చేతులూ చాపింది.
బూడిద రాసినా, ఆముదం రాసినా
వేళ్ళ సందుల్లో నల్లగా పొక్కి
ఊడొచ్చిన తోలు.
"కార్తాది బాబూ.
కారకపోతే గింజెలగొస్తాది?"

అవతల గెడ్డం కదల్లేదు.
ఓనరు కొడుకు నా వంక చూశాడు.
నాలుగు భాషల మనిషిని కదా,
ఒక్క వాక్యం దాటించాలి.
"సరుకు బాగుందంటోంది సార్" అన్నాను.

కంటెయినరు విశాఖ రేవు దాటింది.
సొమ్ము బ్యాంకులో పడింది.
చేతి తొడుగుల మాట
ఓనరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

షెడ్డులో మాత్రం ఆ మాట ఉండిపోయింది.
కొత్తగా చేరిన పిల్ల
మండే వేలు నోట్లో పెట్టుకోబోతే
ఎవరో ఒకరు అడుగుతారు, "అనకార్దో?"
మిగతావాళ్ళు కాలు ఆపకుండానే
"కార్తాది, కార్తాది" అంటారు.
నవ్వులు రేకుల కప్పుకి తగిలి కిందికి రాల్తాయి.

పద్దు మూసే వేళ
అవి నా బల్ల దాకా వస్తాయి.
తలెత్తను.
సాహుకి ఇవ్వాల్సిన బాకీ
ఒడియాలో, కాస్త గట్టిగా,
లెక్కపెడుతూ కూర్చుంటాను.