మొత్తం సున్నా

ఏప్రిల్. గుంటూరు. అన్నం తిన్నాక మొదటి పీరియడ్.
కరెంటు పోయింది.
బోర్డు మీద ఒక పెట్టె గీశాను,
దాని చుట్టూ నేలనీ తాడునీ గోడనీ తుడిచేసి
వాటి బదులు బాణాలు పెట్టాను.
"దీన్ని ఫ్రీ బాడీ అంటారు."
వెనక బెంచీ నవ్వింది:
"ఇన్ని గుచ్చాక ఫ్రీ ఎక్కడ మేడమ్!"

అడ్డం బలాలన్నీ కలిపితే సున్నా.
నిలువువి కలిపితే సున్నా.
తిప్పేవీ సున్నా.
మూడూ కుదిరితే వస్తువు కదలదు.
ఎనిమిది మార్కులు.

బయట వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు.
గాలి లేక కాదు.
కింది గాలి పైకి తోస్తోంది
పై గాలి బరువు కిందికి నొక్కుతోంది
రెండూ సరిగ్గా సరిపోయి
మధ్యలో మనకి చెమటలు.
"అరచెయ్యి చాపండి," అన్నాను,
"దాని మీద ఇప్పుడు
రెండు మిర్చి టిక్కీలంత గాలుంది.
కిందనుంచీ అంతే తోస్తోంది గనక తెలీదు."

అందరూ చేతులు చాపి చూసుకున్నారు,
నాగుల్ మీరా తప్ప.
టిక్కీ బరువు వాడికి తెలుసు.
రాత్రిళ్లు యార్డులో, బాబాయి ముఠాలో,
లారీలకి ఎత్తుతాడు.
చొక్కా కాలరు మెడకి ఆననివ్వడు.

"మేడమ్, బల్ల వేసేదాకా
టిక్కీ మోసుకుని లారీ పక్కన నిలబడతాం.
నేను కదలను. టిక్కీ కదలదు.
మీ లెక్కన అంతా సున్నా గదా.
మరి నొప్పి ఏ బాణం?"

సుద్దముక్క వేళ్లలోనే ఉండిపోయింది.
దూరం జరగలేదు గనక
చేసిన పని కూడా సున్నానే, పుస్తకం ప్రకారం.
ఆ మాట నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
"కండ అంటే కర్ర కాదురా, పోగులు.
పట్టు జారుతుంటాయి, మళ్లీ పట్టుకుంటుంటాయి,
నువ్వు నిలబడ్డంతసేపూ."
"అయితే లోపల కదులుతున్నట్టే," అన్నాడు.
నోట్సులో ఏదో రాసుకున్నాడు, చూపించలేదు.

సాయంత్రం యార్డు ముందు బస్సు ఆగింది.
గేటు లోపల ఎవరో ఒకాయన, బల్ల కోసం,
టిక్కీ కింద మెడ వంచి.
బరువు ఒక బాణం.
చెప్పుల కింద నేల ఇంకోటి.
మూడోది ఎక్కడ గీయాలో తెలియక చూస్తున్నాను.

అంతలో బాపట్ల వైపు నుంచి గాలి కదిలింది,
పైనెక్కడో లెక్క తప్పినట్టుంది.
మిరప ధూళి లేచింది.
డ్రైవరు తుమ్మాడు, కండక్టరు తుమ్మాడు,
బస్సంతా తుమ్మింది.

ఆయన మాత్రం
తుమ్ము ఆపుకున్నాడు.