ఏ పక్క పైకి

బేరి వీధి మొగదల మా పటాల అంగడి.
దేవుళ్లకు అద్దాలు కోసే పని,
మా నాయన దస్తగిరి కాలం నుంచీ.

పాత చీరలో చుట్టి తెచ్చింది రెడ్డెమ్మ టీచరు.
"మా నాయన గీసిందిది, యాభై ఆరులో.
హైస్కూలు డ్రాయింగు మాస్టరు గదా.
ఇదొక్కటే చెదలు తినలా."

విప్పినా.
అయ్యో, పగిలిపోయిందే, అన్నా.
"పగల్లేదు. అట్నే గీసినాడు."

గోపురం ఏడు ముక్కలు,
ఒకటి రైలుగేటు కింద,
ఒకటి కాఫీ గళాసులో మునిగి.
కొండేమో మడత నలిగిన పంచె,
లాడ్జీ మెట్ల మీద ఆరేసినట్టు.
జట్కా గుర్రానికి మూడు మొగాలు:
స్టేషను పక్క ఒకటి, గడ్డి పక్క ఒకటి,
ఇంకోటి నా పక్క.
అంతటా గుండ్లు, చందనం పూసిన గుండ్లు,
ఎవరి లెక్కలో నుంచో
దొర్లిపోయిన పసుప్పచ్చ సున్నాలు.

టేపు పరిచి కొలిచినా.
అంచులు సక్కంగానే ఉండాయి.
లోపలే ఏదీ సక్కంగా లేదు.

రాత్రి షట్టరు సగం దించి
ఇంకెవరిదో లక్ష్మీదేవికి అద్దం కోస్తా ఉండా.
వజ్రం మొన కిర్రుమనింది,
ఒక పేడు జారి బల్ల కింద పడింది.
వంగితే
ఆడ వీధి ఉండాది!
ఒక ముక్కలో పూలామె మోచెయ్యి,
ఒక దాంట్లో బస్సు నంబరు సగం,
బొటనవేలంత ముక్కలో
ఆకాశమంత వెడల్పు చెప్పు.
ముప్పై ఏండ్లుగా పొద్దుమూకితే నేను
ఊడ్చి గోనెసంచికి ఎత్తే ఊరు.

లేచి మళ్లీ చూసినా మాస్టరు బొమ్మను.
ఎడమ మూల బూడిద త్రికోణాలు రెండు,
నడుమ సన్నని తెల్లగీత.
అది గీత కాదు, అద్దం అంచు.
అవి త్రికోణాలు కావు, చెయ్యి.
చూపుడువేలు సగానికే ఆగిపోయింది.

మా నాయనకు ఆ వేలు సగమే.

ఈ బెంచీ మీదనే కూచోనుండాల మాస్టరు,
ఏ సందేళో, పటం వంకతో.
మా ఇంట్లో నాయన ఫోటో లేదు.
ఊరందరికీ పటాలు కట్టినాడు.

వారానికొచ్చింది టీచరు.
ఏ పక్క పైకి మేడం, అనడిగితే నవ్వింది.
"ఆయనే పూటకొక పక్క తిప్పేవాడు.
మాయమ్మ తిట్టేది."

నాలుగు పక్కలా కొక్కేలు కొట్టి ఇచ్చినా.
ఒక కొక్కేనికే దుడ్లు తీసుకున్నా.
వేలు సంగతి చెప్పలా.
చీరలో చుట్టేటప్పుడు ఆ మూల మాత్రం
కొంచెం నిదానంగా కప్పినా.